బుడగలు ఆగేదాకా

కాగితం పట్టుకుని ఓనరు వచ్చేసరికి నీళ్ళమ్మ పదకొండో దొంతర తడుపుతోంది.

పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి, ధారను తుంపరగా విరగ్గొట్టి, ఇటుకల నెత్తిన చల్లుతోంది. ధార నేరుగా తగిలితే పచ్చి ఇటుక అంచులు కరిగిపోతాయి. మూడోరోజు ఇటుకా మూడోనెల బిడ్డా ఒకటే అంటుందామె. మెడ నిలవదు, అలాగని స్నానం మానిపించలేం. రోజుకు మూడు పూటలు, ఒక్కో దొంతరకు ఇరవై ఒక్క రోజులు. ఈ ఇటుకకు బట్టీ లేదు, నిప్పు లేదు. కరెంటు తయారుచేసే చోట బొగ్గు మండినప్పుడు పొగగొట్టంలోకి లేచే మెత్తటి బూడిదను పట్టి, అందులో సున్నమూ జిప్సమూ రాతిపొడీ కలిపి, మిషన్లో పోసి అదిమితే వస్తుంది. అదమడం మిషను పని. గట్టిపరచడం నీళ్ళ పని. అంటే నీళ్ళమ్మ పని. అసలు పేరు ఆమెకొకటి ఉంది గానీ యార్డులో దాన్ని ఎవరూ వాడరు.

కొత్తగా వచ్చిన లారీ డ్రైవరు ఎవడైనా "బూడిదలో పోసిన పన్నీరంటే ఇదేనా అక్కా?" అని పళ్ళికిలిస్తే, "పన్నీరు పోస్తే వృథా నాయనా, మామూలు నీళ్ళు పోస్తే గోడవుతుంది. మీ ఇంట్లో పన్నీరుంటే దాచుకో" అని పంపేస్తుంది. పేరుకే నీళ్ళమ్మ. నీళ్ళు నమలడం మాత్రం ఆమెకు చేతకాదు.

"పైపు పక్కనపెట్టి ఇలా రా నీళ్ళమ్మా. ఒక వేలిముద్ర వెయ్యాలి," అన్నాడు ఓనరు. ఒక చేతిలో కాగితం, రెండో చేతిలో సిరా డబ్బా.

"దేనికండీ?"

"ఏం లేదు. ఆఫీసు పని."

"ఆఫీసు పనికి నా వేలెందుకు? ఉన్న వేలు పైపుకే చాలడం లేదు. ఏం రాశారో చదవండి."

ఓనరు చెడ్డవాడు కాదు. ఎదుటివాడి గొంతు పెద్దదైతే తన గొంతు చిన్నది చేసుకునే రకం, అంతే. ఇప్పుడు ఎదుట ఉన్నది నీళ్ళమ్మే అయినా, కాగితంలో ఉన్న మాటలకు గొంతు దానంతటదే చిన్నదైంది. "బడి గదుల కోసం పంపిన ఇటుకలను తడపవలసిన రోజుల్లో నాలుగు రోజులు నేను నీళ్ళు పెట్టలేదు. నా నిర్లక్ష్యం వల్లనే ఇటుక పచ్చిగా ఉండి గోడ పగిలింది. ఇది నేను ఒప్పుకుంటున్నాను."

పైపులోంచి నీళ్ళు పాదాల చుట్టూ మడుగు కడుతున్నాయి. నీళ్ళమ్మ వెళ్ళి కొళాయి కట్టేసి వచ్చింది. చేతులు చీరకొంగుకు తుడుచుకుంది.

"మళ్ళీ చదవండి."

"విన్నావుగా."

"విన్నాను. మీరు వినలేదేమోనని."

ఓనరు మళ్ళీ చదవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు. "కొత్త బడి గోడలు రెండూ పగుళ్ళిచ్చాయి నీళ్ళమ్మా. పూత మీద మెట్లు మెట్లుగా గీతలు. ఇంజనీరు నిన్నటి లారీ వెనక్కి కొట్టేశాడు. బూడిద ఇటుకే వద్దు, ఎర్ర ఇటుక తెప్పిస్తానంటున్నాడు. ఇటుకలో తప్పు లేదు, ఈ ఒక్కసారికి తడపడంలో పొరపాటు జరిగిందని రాసిస్తే ఊరుకుంటాడు. యార్డు నిలబడుతుంది. ఇరవైమంది అన్నం తింటున్నారిక్కడ."

"ఆ ఇరవైమందికీ అన్నం పెట్టడానికి నా ఒక్కదాని నోట్లో మట్టి కొట్టాలా?"

"నిన్ను తీసేస్తానన్నానా? ఓ వారం ఇంట్లో కూర్చో. గొడవ చల్లారాక వద్దువుగాని."

"ఏ నాలుగు రోజులండీ?"

"ఏమిటీ?"

"నాలుగు రోజులు నీళ్ళు పెట్టలేదని రాశారు కదా. ఏ నాలుగు? జ్వరమొచ్చినప్పుడు గోనెసంచి కప్పుకుని తడిపాను, ఆ రోజులా? మోటారు కాలిపోతే బిందెలతో మోశాను, ఆ రోజులా? మీరు ఆ గుమ్మంలో నిలబడి చూశారు. చూశారా లేదా?"

"చూశాను."

"చూసిన కళ్ళతోనే రాశారా?"

ఓనరు సిరా డబ్బా మూత బిగించాడు. "రేపు సాయంత్రం దాకా టైముంది. వెయ్యనంటే ఇక యార్డుకు రానక్కర్లేదు. నాకు వేరే దారి లేదు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "పచ్చి ఇటుక అన్నది నేను కాదు. ఆ గోడలు కట్టిన మేస్త్రీ. మీ బావే."

నీళ్ళమ్మ కొళాయి తిప్పింది. పదకొండో దొంతర సగంలో ఉంది. మిగతా సగం తడిపింది. పన్నెండూ తడిపింది. ఏ దొంతరకూ ఒక్క చుక్క తగ్గించలేదు.

సాయంత్రం తన ఇంటికి ఎదురుగానే ఉన్న అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి మేస్త్రీ పెరట్లో పీట మీద కూర్చుని, కొబ్బరిపీచుతో గోళ్ళ సందుల్లో సిమెంటు తోముకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళ పనితనం ఆ చేతులది. అరచేతుల్లో గీతలకంటే పగుళ్ళే ఎక్కువ. నీళ్ళమ్మను చూసి మామూలుగా అయితే "రావే మరదలా, మీ యార్డులో నీళ్ళు అయిపోయాయా?" అనేవాడు. ఇవాళ పీచు కేసి చూస్తూ తోముతున్నాడు.

"పచ్చి ఇటుక అన్నావట బావా."

"నీ పేరు నేనెత్తలేదు."

"యార్డులో నీళ్ళు పెట్టేది నేనొక్కదాన్నే. వంట బాగాలేదంటే ఇంట్లో ఎవరిని అన్నట్టు?"

అక్క గబగబా వచ్చి చెల్లెలి భుజం పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. పీట వేసింది, కంచం పెట్టింది, అన్నం వడ్డించింది. వడ్డిస్తూనే మొదలుపెట్టింది. కాగితం సంగతి ఆ ఇంటికి అప్పటికే చేరినట్టుంది.

"వేలేగదే, వేసి పారెయ్. ఊళ్ళో సగం ఇళ్ళు మీ బావ చేతివి. మంచి మేస్త్రీ అనే పేరొక్కటే ఆయన ఆస్తి. అది పోయిందంటే ఈ వయసులో తట్టలు మోయాలి. నీకేం పోతుంది చెప్పు? మీ ఓనరు పని మాన్పించనన్నాడుగా. నీళ్ళు పోసేదానికి పేరేమిటే?"

అక్క ఆ మాట కసితో అనలేదు. చెల్లెలి జుట్టు సవరిస్తూ, పప్పు కలుపుకోమని చెప్పినంత మామూలుగా అంది. అందుకే అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నీళ్ళమ్మ కంచంలో పెట్టిన చెయ్యి తీసేసింది.

"పేరు లేకపోతే మరి ఆ కాగితంలో ఎవరి పేరు రాశారక్కా?"

అక్క గరిట పట్టుకుని నిలబడింది.

పెరటి గుమ్మంలోంచి మేస్త్రీ లోపలికి తొంగిచూశాడు. "నేనేమన్నా కావాలని అన్నానా? గోడ పగిలింది. ఇంజనీరు నా ఎదురుగా నిలబడి ఎందుకు పగిలిందన్నాడు. నా చేతి గోడ ఇంతవరకూ పగల్లేదు. మారిందేమిటి? ఇటుక. అదే చెప్పాను."

"ఎంతసేపు నానబెట్టావు?"

"నాకు నేర్పుతావా?"

"అడుగుతున్నాను."

"ఎంతసేపేమిటి, బుడగలు ఆగేదాకా. తొట్టిలో ఇటుక వేస్తే బుడగలొస్తాయి. అవి ఆగాయంటే దాని కడుపు నిండినట్టు. మా నాన్న నేర్పిన లెక్క. ఎర్ర ఇటుక అరగంటలో ఆపేస్తుంది. మీ బూడిద ఇటుక ఉందే, దిక్కుమాలింది, ఓ పట్టాన ఆగదు. సన్నగా, సూదిమొనంత బుడగలు, వస్తూనే ఉంటాయి. సాయంత్రం వేస్తే తెల్లారికి ఆగుతాయి."

నీళ్ళమ్మ చెయ్యి కడుక్కుని లేచింది.

"ఎక్కడికే, అన్నం?" అంది అక్క.

"కడుపు నిండింది. నా బుడగలు ఆగిపోయాయిలే," అని చెప్పులేసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె యార్డు వైపు తిరగలేదు. కొత్త బడి వైపు నడిచింది. మొదటి పూట తడపాల్సిన దొంతరల గురించి కాళ్ళు రెండుసార్లు వెనక్కి లాగాయి. మిషను దగ్గర పనిచేసే ఒకామె దారిలో ఎదురైతే, "మూడూ నాలుగూ వరసలు చూడు, ధార కొట్టకు, చల్లు" అని అప్పగించి ముందుకు నడిచింది.

బడి గోడలు దూరం నుంచి బాగానే ఉన్నాయి. దగ్గరికెళితే పూత మీద సన్నటి గీతలు, ఒక ఇటుక పొడవు అడ్డంగా, ఒక ఇటుక ఎత్తు కిందికి, మళ్ళీ అడ్డంగా. చీమలు మెట్లు దిగినట్టు. పక్కనే సిమెంటు తొట్టి. దాన్నిండా నీళ్ళు. అడుగున రాత్రంతా నానిన ఇటుకలు, ఎండకు చెరువులో దిగిన గేదెల్లాగా కదలకుండా పడున్నాయి.

నీళ్ళమ్మ మోచేతిదాకా చెయ్యి పెట్టి ఒకటి పైకి తీసింది. తీస్తూనే చెప్పగలదు, అది ఆ ఇటుకకు ఉండాల్సిన బరువు కాదు. యార్డులో పంపుగది కట్టినప్పుడు తొందరపడి తడి దొంతరలోంచే ఇటుకలు లాగి కట్టేశారు. నెల తిరక్కుండా ఇవే మెట్లు. అది పడగొట్టి ఆరిన ఇటుకతో కడితే ఇప్పటికీ నిలబడి ఉంది. రెండుసార్లూ ఇటుకలు అందించింది ఆమే.

"ఎవరమ్మా నువ్వు? సైట్లోకి అలా రాకూడదు."

తలకు పసుపు టోపీ, చేతిలో ఫోను. కుర్ర ఇంజనీరు. మొహం కడిగిన సబ్బువాసన ఇంకా పోలేదు.

"మీ కాగితంలో ఉన్న మనిషినండీ."

"ఏ కాగితం?"

"నాలుగురోజులు నీళ్ళు పెట్టలేదని రాయించుకుంటున్నారే, ఆ కాగితం. మనిషిని చూడకుండా తప్పు రాయడం తేలిక కదా, చూసిపోతారని వచ్చాను."

తాపీ పనివాళ్ళు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. మేస్త్రీ సారవ కర్రల మీంచి దిగాడు. "ఇంటికి పో. ఇంటి గొడవ సైట్లోకి తేకు."

"నువ్వే సైటు గొడవ ఇంటికి పంపావు బావా. తిరిగిచ్చేసి పోతాను."

ఆమె కిందపడున్న మేకు ఒకటి తీసింది. ఒక మూల పగులు చూడ్డానికి ఇంజనీరు పూత కొట్టించి ఉన్నాడు, అక్కడ ఇటుకలు బయటపడి ఉన్నాయి. మేకు ఇంజనీరు చేతికిచ్చింది. "గీయండి. పచ్చి ఇటుకైతే పిండి రాలుతుంది."

ఇంజనీరు గీశాడు. తెల్లటి గీత పడింది. పిండి రాలలేదు. ఇంకొంచెం గట్టిగా గీశాడు. మేకు జారింది.

కుప్పలోంచి రెండు ఇటుకలు తీసి ఒకదాంతో ఒకటి కొట్టింది. ఖంగుమన్నాయి. "పచ్చిదైతే దబ్బుమంటుంది. సరే, చెవులు మోసం చేస్తాయనుకుందాం. పగులు చూడండి. ఒక్క ఇటుకైనా చీలిందా? ఇటుక పచ్చిదైతే ఇటుక పగలాలి. ఇక్కడ ఇటుకలన్నీ బాగానే ఉన్నాయి, రెంటి మధ్య అతుకు వదిలింది. మొగుడూపెళ్ళాలు విడిపోతే మంచానిదా తప్పు?"

ఇంజనీరుకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "మరి అతుకెందుకు వదిలింది?"

"నేను చెబితే నీళ్ళు పోసేది చెప్పింది అంటారు. గోడ చేత చెప్పిస్తాను. మధ్యాహ్నం దాకా టైమివ్వండి. రెండు పొట్టి గోడలు. ఒకటి ఈ తొట్టిలో ఇటుకతో. రెండోది కుప్పలో ఆరిన ఇటుకతో. మాలు ఒకటే కలపండి, ఇసుకా సిమెంటూ ఒకటే."

"ఎవరు కడతారు? నువ్వా?" అన్నాడు పనివాళ్ళలో ఒకడు.

"నేను కడితే నా చేతిదే తప్పంటారు. ముప్ఫై ఏళ్ళలో పగలని గోడ కట్టిన చెయ్యి ఎవరిదో, ఆయన కట్టాలి."

అందరూ మేస్త్రీ వైపు చూశారు.

"నా సైట్లో నాకే పరీక్షా?" అన్నాడాయన. మెడ మీద నరం లేచింది.

"నిన్న నా పనికి పెట్టావుగా. నాకు చెప్పను కూడా లేదు. నేను నీ ఎదురుగా నిలబడి చెబుతున్నాను."

ఇంజనీరు ఫోను చూసుకున్నాడు, తొట్టి చూశాడు, గోడ చూశాడు. ఎర్ర ఇటుక తెప్పిస్తే పైవాళ్ళకు తనూ ఒక కాగితం రాసుకోవాలి. "మధ్యాహ్నం దాకా," అన్నాడు.

మేస్త్రీ తొట్టి ఇటుకతో మొదలుపెట్టాడు. తాపీతో మాలు తీసి పరిచి, ఇటుక పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేశాడు. మాలులోంచి పల్చటి సిమెంటు రసం ఊరి పక్కలకు కారింది. ఇటుక ఆగడానికి బదులు తేలింది. వేలితో తోస్తే సబ్బుబిళ్ళలా జరిగింది. సరిచేసి రెండోది పెట్టాడు. మూడో వరసకు వచ్చేసరికి కింది వరస అతుకులోంచి మాలు నాలుక చాపినట్టు బయటికొచ్చింది. నాలుగో వరస. అయిదో వరస. గోడ నిలువు చూసే తూకపు గుండు వేలాడదీస్తే పైన తాకి, కింద వేలుపట్టేంత సందు వదిలింది. ఆయన గోడను అరచేత్తో నొక్కి నిలబెట్టాడు. చెయ్యి తీస్తే గోడ మళ్ళీ ఒళ్ళు విరుచుకుంది.

"రోజూ ఇలాగే ఉంటోందా?" అన్నాడు ఇంజనీరు.

వెనకనుంచి పనివాడొకడు అందుకున్నాడు. "రోజూ నాలుగు వరసలు కట్టి ఆపేస్తున్నామండీ. ఎండేదాకా బద్దలు ఆనించి పెడుతున్నాం. బూడిద ఇటుక కదా, ఇంతేననుకున్నాం."

రెండో గోడ. నీళ్ళమ్మ కుప్పలోంచి ఇటుకలు తీసి వరసగా పేర్చింది. పైపుకు వేలడ్డం పెట్టి ఒక్క తుంపర కొట్టింది, నిద్రలేచిన పిల్లాడి మొహం కడిగినట్టు. ఇటుక మీద మెరుపు కాసేపు నిలిచి, లోపలికి ఇంకిపోయింది. "ఆ మెరుపు పోయాక పెట్టు. ఇంతే. ఇరవై ఒక్కరోజులు తాగే వచ్చింది బావా. దీని మొహం తడిపితే చాలు, కడుపు నింపక్కర్లేదు."

మేస్త్రీ తాపీ తీసుకున్నాడు. ఈపాటికి అక్క కూడా ఎవరి ద్వారానో విని వచ్చేసింది. తొట్టి పక్కన, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. పనివాడొకడు మేస్త్రీ చెవి దగ్గరికి వంగి, "కాస్త వదులుగా పెట్టు మేస్త్రీ. దీన్నీ ఓ వేలెడు వంచావంటే పీడాపోతుంది" అన్నాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ అందరికీ వినబడింది.

నీళ్ళమ్మ పైపు పట్టుకుని కదలకుండా నిలబడింది. ఇక ఆమె చేతుల్లో ఏమీ లేదు. ఉన్నదంతా ఆయన చేతుల్లోనే ఉంది.

మేస్త్రీ ఆ పనివాడి కేసి చూశాడు. "గోడ కట్టేటప్పుడు నా దగ్గర మాట్లాడకని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు. తాపీ నిండా మాలు తీసి పరిచాడు. ఇటుక పెట్టాడు, రెండు దెబ్బలు. ఆగింది. మనసులో ఏముందో ఆయనకే తెలియాలి, చేతికి మాత్రం వంకర గోడ కట్టడం రాదు. ఆరు వరసలు, ఏడు, ఎనిమిది. తొమ్మిదో వరస మీంచి తూకపు గుండు వదిలితే, గోడను అంటీ అంటకుండా పైనుంచి కిందిదాకా దిగింది.

అందరూ అన్నాలు తినొచ్చారు. వచ్చాక ఇంజనీరు మొదటి గోడలో పైఇటుక పట్టి లేపాడు. చేతిలోకి వచ్చేసింది. దాని అడుగున మాలు నూనె రాసినట్టు నున్నగా ఉంది. రెండో గోడలో పైఇటుక పట్టి లేపాడు. రాలేదు. రెండు చేతులతో మెలితిప్పాడు. అరచెయ్యి గీరుకుపోయింది గానీ ఇటుక రాలేదు.

మేస్త్రీ తొట్టి దగ్గరికెళ్ళి, లోపలికి చూస్తూ నిలబడ్డాడు. ఒక ఇటుకలోంచి ఇంకా బుడగలు వస్తున్నాయి. సన్నగా, సూదిమొనంత.

ఓనరు మోటారుసైకిలు ఆపుతూనే నవ్వుతున్నాడు. ఇంజనీరు ఫోనులో అంతా చెప్పేసినట్టుంది. గోడలు రెండూ చూశాడు, లేపి చూశాడు, "నేను ముందే అనుకున్నాను!" అన్నాడు. బండి సీటు మీదే కాగితం పెట్టి చకచకా రాసి, తనే చదివాడు. ఈసారి గొంతు పెద్దదిగా ఉంది.

"మేస్త్రీ నిర్లక్ష్యం వల్లా, పని తెలియకపోవడం వల్లా గోడలు పగిలాయి. ఇందుకు పూర్తి బాధ్యత మేస్త్రీదే. దీనికి నేను సాక్షిని. రా నీళ్ళమ్మా, ఇక్కడ వెయ్యి."

అక్క కొంగు నోటికింకా గట్టిగా అదుముకుంది. మేస్త్రీ తాపీ కడుగుతున్నాడు. ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా కడుగుతూనే ఉన్నాడు.

"నిన్న నేను, ఇవాళ ఆయన," అంది నీళ్ళమ్మ. "మీ కలానికి రోజుకో మనిషి కావాలా?"

ఓనరు నవ్వు సగంలో ఆగింది. "నీ మంచికే కదా రాసింది!"

"నా మంచి నాకు తెలుసు. నేను చెబుతాను, రాయండి. ఇంకో కాగితం తీయండి."

"నువ్వు చెబితే నేను రాయాలా?"

"నా వేలు కావాలంటే నా మాట రాయాలి. మీ మాటకు మీ వేలుంది."

ఇంజనీరు తన పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఓనరుకు అందించాడు.

"ఇటుకలో తప్పు లేదు. నీళ్ళు పెట్టిన మనిషిలో తప్పు లేదు. రాశారా? ఇరవై ఒక్క రోజులూ మూడు పూటలూ పెట్టింది. అదీ రాయండి. మేస్త్రీ దీన్ని ఎర్ర ఇటుకలాగా రాత్రంతా నానబెట్టాడు, అందుకని గోడ పగిలింది. పగిలాక, తెలీదని ఒప్పుకోకుండా పచ్చి ఇటుక అని అబద్ధమాడాడు."

"చెల్లీ!" అంది అక్క.

"ఆడాడుగా అక్కా." అటు తిరగకుండానే అంది. "రాయండి. ఈ ఇటుక నానబెట్టకూడదని ఆయనకెవరూ చెప్పలేదు. ఇటుక అమ్మినవాళ్ళు చెప్పలేదు. రోజూ వచ్చి ఈ తొట్టి పక్కనే నిలబడి ఫోను చూసుకున్న ఇంజనీరుగారికీ తట్టలేదు."

ఇంజనీరు దగ్గాడు. ఓనరు కలం ఆపాడు.

"ఆ చివరి ముక్క నాకు తగులుతుంది నీళ్ళమ్మా."

"తగలాలనే చెప్పాను."

"అది లేకుండా రాస్తే ఏం?"

"ఏమీ లేదు. నా వేలు ఉండదు. మీరు ఎర్ర ఇటుకకూ ఇంజనీరుగారికీ చెప్పుకోండి. నేను వెళ్ళి దొంతరలు తడుపుకోవాలి, ఒక పూట ఇప్పటికే తప్పింది." ఆగి, మళ్ళీ అంది. "అన్నట్టు ఆ తప్పిన పూట కూడా రాయండి. ఇవాళ పొద్దున. దొంతరలు వేరేవాళ్ళకు అప్పగించి వచ్చాను. నిజమేదో అంతా ఉండనివ్వండి."

ఓనరు ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు టోపీ తీసి తల గోక్కుని, "రాసెయ్యండి సార్. నిజమే కదా" అన్నాడు. ఎదుటి గొంతులు రెండయ్యాయి. ఓనరు రాశాడు.

రాసింది చదివించుకుంది. ఒక మాట తేడాగా ఉంటే కొట్టించింది. అప్పుడు వేలు చాపింది. ఓనరు సిరా పూసి కాగితానికి అద్దించాడు. ఎత్తి చూస్తే నల్లటి మచ్చ పడింది, గీతలు లేవు. ఇంకోసారి అద్దించాడు. మళ్ళీ మచ్చే.

"ముద్ర సరిగ్గా పడ్డం లేదే," అన్నాడు.

"ఎలా పడుతుందండీ? గీతలన్నీ మీ ఇటుకలు తాగేశాయి."

ఇంజనీరు ఆ మచ్చ కేసి చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం తీసుకుని, దానికింద తనూ సంతకం పెట్టాడు.

రెండు రోజులు అక్క ఇంటి తలుపు తెరిచినప్పుడల్లా ఇటు చూడకుండా లోపలికెళ్ళిపోయింది. నీళ్ళమ్మ పట్టించుకోనట్టే ఉంది. యార్డుకు వెళ్ళింది, తడిపింది, వచ్చింది.

మూడోరోజు పొద్దున యార్డు గేటు దగ్గర సైకిలు చప్పుడైంది. మేస్త్రీ. వెనకాల ఇద్దరు తాపీ పనివాళ్ళు. పగిలిన గోడలు కొట్టేసి మళ్ళీ కట్టాలన్నారట, ఇటుక ఇదే. ఆయన దొంతరల మధ్య దారిలో వచ్చి, ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"ఎంతసేపు తడపాలో వీళ్ళకోసారి చెప్పు."

"వీళ్ళకా?"

మేస్త్రీ దొంతర కేసి చూశాడు. "నాక్కూడా."

నీళ్ళమ్మ పైపు ఆయన చేతికిచ్చింది. "చెబితే మర్చిపోతారు. పట్టుకో. ఇటుక ఎలా తాగుతుందో ముందు చూడు."

పనివాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేస్త్రీ పైపు ఎత్తి దొంతర మీదికి ధార కొట్టాడు. మూల ఇటుక అంచు పిండిలా కరిగి జారింది.

"అయ్యో అయ్యో, మూడు రోజుల పసిదాన్ని కొట్టడమేంటి బావా! వేలు అడ్డం పెట్టు. అలా కాదు, బొటనవేలు. ఇంకొంచెం. ఆ... ఇప్పుడు చల్లు."

నీళ్ళు తుంపరయ్యాయి. సగం ఇటుకల మీదా, సగం ఆయన చొక్కా మీదా పడ్డాయి. ఇటుక మెరిసింది. మెరుపు లోపలికి ఇంకింది. ఆయన వంగి, దగ్గరగా చూశాడు. తర్వాతి వరసకు జరిగాడు. వేలు నొప్పెట్టినట్టుంది, చెయ్యి మార్చుకున్నాడు.

"ఇలా ఎన్ని?"

"ఇది అయ్యాక ఇంకా ఇరవై మూడున్నాయి." నీళ్ళమ్మ షెడ్డు నీడలో బస్తా మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. "మధ్యాహ్నం అన్నం ఇక్కడికే తెమ్మని అక్కకు కబురు పంపు. నాక్కూడా తెమ్మను."

మేస్త్రీ వెనక్కి తిరిగి పనివాడి కేసి చూశాడు. వాడు సైకిలెక్కాడు.